చిన్న ఎయిర్‌పోర్ట్‌లో పైలట్లకి పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెట్టాలంటే ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి

అమెరికాలో జనం వాడుకునే ఎయిర్‌పోర్ట్‌లు 5,000 కి పైనే ఉన్నాయి, వాటిలో కంట్రోల్ టవర్ ఉన్నవి సుమారు 500 మాత్రమే. మిగతావాటిలో చాలావరకు ఒక రన్‌వే, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక విండ్‌సాక్, ఒక ఫ్యూయల్ పంపు, వరసగా కొన్ని హ్యాంగర్లు (విమానాల షెడ్లు), అంతే. శనివారం పొద్దున్నే ఇలాంటి చోట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పైలట్లు చిన్న విమానాల్లో దిగి, పాన్‌కేకులు తిని, ఒకళ్ళ విమానం ఇంకొకళ్ళు చూసుకుని, మధ్యాహ్నానికి ముందే ఎగిరిపోతారు. దీన్నే ఫ్లై-ఇన్ బ్రేక్‌ఫాస్ట్ అంటారు. చాలాచోట్ల ఈఏఏ లోకల్ చాప్టర్ వాళ్ళే దీన్ని నడుపుతారు. ఈఏఏ అంటే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, 1953 లో విస్కాన్సిన్‌లో పాల్ పోబరెజ్నీ మొదలుపెట్టింది, ఇప్పుడు హెడ్డాఫీసు ఆష్‌కాష్‌లో, ప్రతి జులైలో అక్కడ జరిగే ఎయిర్‌వెంచర్ గురించి వినే ఉంటారు.

మనవాళ్ళు టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాల్లో ఫ్లైయింగ్ నేర్చుకోడానికి చాలామందే వస్తున్నారు, ఇక్కడ జాబ్ చేసుకుంటూ వీకెండ్స్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. చాప్టర్‌లో చేరిన కొన్నాళ్ళకి ఎవరో ఒకరు "ఈసారి బ్రేక్‌ఫాస్ట్ నువ్వు చూసుకుంటావా" అని అడుగుతారు, అడగ్గానే సరే అనేస్తాం, ఇంటికొచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్పేస్తా, తర్వాత చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది. వంట తేలిక, ర్యాంప్ (విమానాలు ఆపుకునే చోటు) కష్టం. కొత్తగా చేసేవాళ్ళు ఎనభై శాతం ఆలోచన పిండి మీద, సిరప్ మీద పెడతారు, అది తిరగబడాలి. పాన్‌కేక్ మాడితే ఇంకోటి వేస్తాం. మనుషులు నడిచే దారి, ప్రొపెల్లర్ తిరిగే దారి కలిస్తే మాత్రం దిద్దుకోడానికి ఏమీ ఉండదు. కాబట్టి మీ ప్లాన్‌లో మొదటి గీత ఆ రెండు దారుల మధ్యే గియ్యండి.

మూడు నెలల ముందు: పర్మిషన్, తేదీ, ఇన్సూరెన్స్

మొదట ఎయిర్‌పోర్ట్ మేనేజర్‌ని కలవండి. ఈమెయిల్ కాదు, వెళ్ళి కలవండి, ఆయనతోనో ఆవిడతోనో ర్యాంప్ మీద ఒకసారి నడవండి. చాలా చిన్న ఎయిర్‌పోర్ట్‌లు సిటీవో కౌంటీవో అయ్యుంటాయి కాబట్టి మేనేజర్ సరే అన్నా పైన ఇంకొకళ్ళ సంతకం కావాల్సి రావొచ్చు, దానికి టైం పడుతుంది, అందుకే మూడు నెలలు అంటున్నా. ఎయిర్‌పోర్ట్ ఓనర్‌ని అడిషనల్ ఇన్ష్యూర్డ్‌గా (మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా వర్తించేలా) చూపించే సర్టిఫికెట్ అడుగుతారు దాదాపు ప్రతిచోటా. చాప్టర్ తరఫున చేస్తుంటే చాప్టర్ ఇన్సూరెన్స్‌లో ఈ ఈవెంట్ కవర్ అవుతుందా లేదా అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోండి, నోటిమాట వద్దు.

ఉత్త బ్రేక్‌ఫాస్ట్‌కి ఎఫ్ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) దగ్గర ప్రత్యేకంగా వేవర్ (రూల్ నుంచి మినహాయింపు) అక్కర్లేదు. విమానాలు మామూలుగా వచ్చి దిగి మామూలుగా వెళ్తే అది రోజూ జరిగే పనే. ఎవరైనా "నేను చిన్న ఏరోబాటిక్స్ చేసి చూపిస్తా, జనం సంతోషిస్తారు" అన్నారనుకోండి, నవ్వుతూనే గట్టిగా వద్దని చెప్పండి, అది ఎయిర్ షో కిందకి వస్తుంది, దాని రూల్స్ వేరు. కిందగా లాగించి వెళ్ళే ఫ్లై-బైలకి కూడా ఇదే సమాధానం.

తేదీ పెట్టేటప్పుడు చుట్టుపక్కల ఎయిర్‌పోర్ట్‌లు ఎప్పుడు పెడుతున్నాయో కనుక్కోండి. ఒక్కో చోట నెలలో మొదటి శనివారం, ఇంకోచోట మూడో శనివారం అని ఏళ్ళ తరబడి ఫిక్సయిపోయి ఉంటాయి, వాళ్ళ రోజున మీరు పెడితే ఇద్దరికీ నష్టం. టైం పొద్దున 8 నుంచి 11. ఎందుకు పొద్దున్నే అంటే ఊరికే కాదు, ఆ టైంలో గాలి చల్లగా నిలకడగా ఉంటుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి బుడగల్లా పైకి లేస్తుంది, చిన్న విమానం ఊగుతుంది, కడుపు నిండా తిన్న ప్యాసింజర్ పరిస్థితి ఇక చెప్పక్కర్లేదు. పైగా వేడి గాలి పల్చగా ఉంటుంది కాబట్టి ఇంజిన్‌కీ ప్రొపెల్లర్‌కీ రెక్కకీ మూడింటికీ పట్టు తగ్గుతుంది, టేకాఫ్‌కి రన్‌వే ఎక్కువ కావాలి. టెక్సస్‌లో జులై నెలలో అయితే నేను 7 కే మొదలుపెట్టి 10 కి ముగించమంటాను.

ఇంకొకటి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్. బయటివాళ్ళకి తిండి పెడుతున్నారంటే చాలా కౌంటీల్లో టెంపరరీ ఫుడ్ పర్మిట్ కావాలి. చేతులు కడుక్కునే ఏర్పాటు, థర్మామీటర్, గ్లవ్స్ ఇవన్నీ అందులో ఉంటాయి. మీ కౌంటీ రూల్స్ మీరే ఫోన్ చేసి కనుక్కోండి, పక్క కౌంటీ చాప్టర్ వాళ్ళు చెప్పింది మీకు వర్తించకపోవచ్చు.

నెల ముందు: ర్యాంప్ బొమ్మ

ఒక పెద్ద కాగితం మీద ఎయిర్‌పోర్ట్ బొమ్మ గీసుకోండి, శాటిలైట్ ఫోటో ప్రింట్ తీసుకున్నా సరే. దాని మీద విమానాలు ఎక్కడ రన్‌వే దిగుతాయి, ఏ ట్యాక్సీవే (రన్‌వేకీ పార్కింగ్‌కీ మధ్య దారి) మీద వస్తాయి, ఎక్కడ ఆగుతాయి, మళ్ళీ ఏ దారిన వెళ్తాయి అన్నది బాణాలతో గీయండి. వచ్చే దారి, పోయే దారి ఎదురెదురు పడకూడదు. 9 నుంచి 10 మధ్య కొందరు దిగుతుంటారు, తొందరగా వచ్చినవాళ్ళు బయల్దేరుతుంటారు, ఇరుకు ట్యాక్సీవే మీద రెండు విమానాలు ముక్కూ ముక్కూ ఎదురైతే ఒకడు ఇంజిన్ ఆపి దిగి వెనక్కి తోసుకోవాల్సిందే, చిన్న విమానాలకి రివర్స్ గేర్ ఉండదు కదా.

పార్కింగ్ లెక్క ఇలా వెయ్యండి. నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172 రెక్కల కొస నుంచి కొసకి 36 అడుగులు, పొడుగు 27 అడుగులు. పక్కన మనిషి నడవాలి, కొత్త పైలట్లు గీత మీద సరిగ్గా ఆపరు, కాబట్టి ఒక్కో విమానానికి 45 అడుగుల వెడల్పు వేసుకోండి. 20 విమానాల వరస అంటే 900 అడుగులు. మీ ర్యాంప్ అంత లేకపోతే గడ్డి వాడాలి, గడ్డి అయితే ముందురోజు నడిచి చూడండి, గుంతలున్నాయా, వాన పడి మెత్తబడిందా, స్ప్రింక్లర్ తలలు ఎక్కడున్నాయి. ముక్కు చక్రం విమానాలు మెత్తటి నేలలో కూరుకుంటే ప్రొపెల్లర్ నేలకి తగిలే ప్రమాదం ఉంది, ఒక్కసారి తగిలిందంటే ఇంజిన్ విప్పి చూడాల్సిన ఖర్చు.

హెలికాప్టర్లకి దూరంగా వేరే చోటు ఇవ్వండి, వాటి గాలికి పక్కన తేలికపాటి విమానాల తలుపులు, కంట్రోల్స్ దెబ్బతింటాయి, మీ టెంట్ లేచిపోతుంది. స్టార్టర్ లేని పాత పైపర్ కబ్ లాంటివి చేత్తో ప్రొపెల్లర్ తిప్పి స్టార్ట్ చేస్తారు, వాటిని వరస చివర్లో, జనానికి దూరంగా, కట్టేసుకునే వీలున్న చోట పెట్టించండి.

ఇప్పుడు మనుషుల దారి. విమానాల్లో వచ్చేవాళ్ళకంటే కార్లలో వచ్చే ఊరివాళ్ళే ఎక్కువ ఉంటారు చాలాచోట్ల, పిల్లల్ని తీసుకుని, తోపుడు బండ్లతో, తాతలు మనవళ్ళతో. వాళ్ళకి ర్యాంప్ అంటే ఏంటో తెలీదు, పార్కింగ్ లాట్ లాగే అనుకుంటారు. కాబట్టి కోన్లు పెట్టి మధ్యలో తాడు కట్టండి, ఉత్త కోన్లు చాలవు, పిల్లలు దూరి వెళ్ళిపోతారు. తాడుకి లోపలికి వెళ్ళడానికి ఒకటే గేటు, ఆ గేటు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి. ఆ మనిషి పని ఒక్కటే: కదులుతున్న విమానం లేనప్పుడు జనాన్ని వరసల్లోకి పంపడం, ఏదన్నా ఇంజిన్ స్టార్ట్ అవుతుంటే ఆపడం. కుక్కల్ని ఎంత ముద్దుగా ఉన్నా తాడు దాటనివ్వొద్దు.

తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనపడదు. ఇది వినడానికి మామూలు మాటలా ఉంటుంది కానీ అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే, ఎందుకంటే ఆగిన ప్రొపెల్లర్ కూడా నమ్మదగ్గది కాదు, మాగ్నెటో (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే భాగం) స్విచ్ వైరు తెగి ఉంటే చేత్తో కదిపినా ఇంజిన్ ఒక్కసారి తన్నొచ్చు. అందుకే ప్రొపెల్లర్ పట్టుకుని ఫోటో దిగడం, పిల్లల్ని దాని ముందు నిలబెట్టడం వద్దు. రెక్క పక్కనో తోక దగ్గరో నిలబడి తీసుకోమనండి. విమానం మీద ఎర్ర లైటు మెరుస్తుంటే ఇంజిన్ నడుస్తోందనో, నడవబోతోందనో అర్థం అని ఒక బోర్డు రాసి గేటు దగ్గర పెట్టండి, ఈ ఒక్క విషయం జనానికి బాగా గుర్తుంటుంది.

మార్షలింగ్‌కి, అంటే సైగలు చేసి విమానాన్ని పార్కింగ్ దాకా నడిపించే పనికి, కనీసం నలుగురు కావాలి, నారింజ కర్రలు, పసుపు వెస్ట్‌లతో. వీలైతే పైలట్లనే పెట్టండి. అందరూ ఒకేలాంటి సైగలు చెయ్యాలి కాబట్టి ఒక సాయంత్రం పావుగంట ప్రాక్టీస్ పెట్టుకోండి. మార్షలర్ ఎప్పుడూ పైలట్ కళ్ళకి కనపడే చోటే నిలబడాలి. తోక చక్రం విమానాల పైలట్లకి ముక్కు పైకి లేచి ఉండటం వల్ల ఎదురుగా ఏమీ కనపడదు, వాళ్ళు పాములా వంకర్లు తిరుగుతూ వస్తారు, వాళ్ళకి ఎడం పక్కన నిలబడాలి. చాక్స్ (చక్రాలకి అడ్డుపెట్టే దిమ్మలు) పెట్టేది ప్రొపెల్లర్ పూర్తిగా ఆగాకే, ఆగబోతుండగా కాదు. 14, 15 ఏళ్ళ పిల్లలు వాలంటీర్లుగా వస్తామంటారు, సంతోషమే, కానీ వాళ్ళని కాఫీ, సిరప్, టికెట్ల దగ్గర పెట్టండి.

వంట లెక్కలు

200 మంది అనుకుని లెక్క చెప్తా, మీరు మీ సంఖ్యకి తగ్గట్టు మార్చుకోండి.

పాన్‌కేక్‌కి పావు కప్పు కలిపిన పిండి, నాలుగంగుళాల వెడల్పు వస్తుంది. మనిషికి మూడు. అంటే 600 పాన్‌కేకులు. గ్యాలన్‌కి 16 కప్పులు కాబట్టి ఒక గ్యాలన్ పిండికి 64 వస్తాయి, 600 కి సుమారు పది గ్యాలన్లు కలపాలి. ఒకేసారి పది గ్యాలన్లు కలిపి పెట్టుకోవద్దు, బేకింగ్ పౌడర్ పొంగు పోతుంది, రెండు మూడు గ్యాలన్ల చొప్పున కలుపుకుంటూ పోండి. మిక్స్ ప్యాకెట్లలో నీళ్ళు పోస్తే చాలు అనే రకం తీసుకోండి, గుడ్లు పగలగొట్టే పని, పాల ఫ్రిజ్ పని రెండూ తప్పుతాయి. పిండి మన ఇడ్లీ పిండిలా జారుగా, చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్లేదన్నట్టు ఉండాలి, నున్నగా వచ్చేదాకా గిలకొడితే పాన్‌కేక్ రబ్బరులా సాగుతుంది. కలిపాక పది నిమిషాలు వదిలేయండి.

గ్రిడిల్ (పెద్ద పలక పెనం) 36 అంగుళాలది ప్రొపేన్ మీద నడిచేది అయితే ఒక్క వాయికి 24 దాకా సర్దుకోవచ్చు, వేడి 375 డిగ్రీల ఫారెన్‌హీట్. పైన బుడగలు పగిలి చిల్లులు అలాగే ఉండిపోతే తిప్పే టైం వచ్చినట్టు, ఒక్కసారే తిప్పాలి, అట్లకాడతో పైన నొక్కకూడదు. ఒక వాయి నాలుగు నిమిషాలు అనుకుంటే నిమిషానికి ఆరు పాన్‌కేకులు, అంటే ఇద్దరి ప్లేట్లు. గంటకి 120 మంది. 9 నుంచి 10 మధ్య వచ్చే రద్దీకి ఇది సరిపోదు, అందుకే 200 మందికి రెండు గ్రిడిళ్ళు కావాలి. రెండోది లేకపోతే క్యూ ర్యాంప్ వైపు పెరుగుతూ పోతుంది, క్యూ ఎటు పెరుగుతుందో కూడా మీ బొమ్మ మీద గీసుకోవాల్సిందే, పార్కింగ్ లాట్ వైపు పెరిగేలా టేబుల్స్ తిప్పి పెట్టండి.

సాసేజ్ ముందే ఉడికించి అమ్మేవి తీసుకోండి, వేడి చేస్తే చాలు, పచ్చి మాంసం అక్కడ ముట్టుకోవద్దు. వేడి చేసేటప్పుడు 165 డిగ్రీలు తగిలేలా, పెట్టి ఉంచేటప్పుడు 135 కి తగ్గకుండా. చల్లగా ఉండాల్సినవి 41 లోపు. థర్మామీటర్ పెద్ద ఖరీదేం కాదు, రెండు కొనండి.

సిరప్ మనిషికి రెండు ఔన్సులు, 200 మందికి మూడు గ్యాలన్ల పైన. గ్యాలన్ డబ్బాలు కొని చిన్న సీసాల్లో పోసి పెట్టండి.

కాఫీ దగ్గర చాలామంది మోసపోతారు. కాఫీ కాచే పాత్ర మీద 100 కప్పుల పెర్కొలేటర్ అని రాసుంటుంది, వాళ్ళ కప్పు ఐదు ఔన్సులు. మనం ఇచ్చే కాగితం కప్పు ఎనిమిది ఔన్సులు, అంటే వచ్చేది 60 చిల్లర. పైగా కాగి తయారవ్వడానికి గంట పడుతుంది, 8 కి కాఫీ కావాలంటే 6:45 కే స్విచ్ వెయ్యాలి. ఇంకోటి, ఒక్కో పెర్కొలేటర్ 1,500 వాట్లు లాగుతుంది, 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లు. రెండు పెర్కొలేటర్లు ఒకే సర్క్యూట్‌లో పెడితే బ్రేకర్ పడిపోతుంది, హ్యాంగర్‌లో రెండు ప్లగ్గులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి వేరే సర్క్యూట్‌లు కావు. ముందురోజే రెండూ ఆన్ చేసి నీళ్ళు కాచి చూసుకోండి.

మనవాళ్ళు, ఇంకా చాలామంది ఇండియన్స్, జైనులు, గుజరాతీలు వస్తారు ఇప్పుడు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల. పాన్‌కేక్ మిక్స్‌లో గుడ్డు పొడి ఉందో లేదో ప్యాకెట్ మీద చదివి బోర్డు మీద రాయండి. ఒక గ్రిడిల్‌ని పూర్తిగా పాన్‌కేకులకే ఉంచి సాసేజ్ రెండో దాని మీద ఒక పక్కన వేడి చేస్తే అందరూ నిశ్చింతగా తింటారు, దీనికి ఒక్క డాలర్ ఖర్చు లేదు. పండ్లు పెట్టండి, అరటిపళ్ళు, బత్తాయిలు. దోసెల స్టాల్ పెడదామా అని తప్పకుండా ఎవరో అంటారు, నా అభిప్రాయం మొదటిసారి వద్దనే. పాన్‌కేక్ వాయికి ఎక్కువ పడతాయి, దోసె ఒక్కోటి వెయ్యాలి, క్యూ ఆగిపోతుంది. రెండో మూడోసారి, చేతులు అలవాటయ్యాక, ఉప్మానో ఇడ్లీనో పెట్టి చూడండి, అక్కడివాళ్ళు కూడా ఇష్టంగా తింటారు.

గ్రిడిళ్ళు విమానాలకి, ఫ్యూయల్ పంపుకి, ఫ్యూయల్ ట్రక్కుకి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి, గాలి పంపు వైపు నుంచి మీ వైపు వీచేలా అయితే ఇంకా దూరం. రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, ఒకటి గ్రిడిల్ దగ్గర, ఒకటి ర్యాంప్ మీద.

డబ్బు, రైడ్లు

ప్లేటుకి ఎంత అన్నది మీ ఊరిని బట్టి. పైలట్-ఇన్-కమాండ్‌కి (విమానం బాధ్యత మోసే పైలట్‌కి) ఉచితం అనే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది, అది పాటించండి, అంత దూరం ఇంధనం పోసుకుని వచ్చినవాళ్ళకి అది మర్యాద.

కానీ "ఇరవై డాలర్లిస్తే విమానంలో ఒక రౌండ్" అని మాత్రం ఎవర్నీ బోర్డు పెట్టనివ్వొద్దు. ప్రైవేట్ పైలట్ డబ్బు తీసుకుని జనాన్ని తిప్పకూడదు, స్నేహితులతో వెళ్తే ఇంధనం, ఆయిల్, అద్దె, ఎయిర్‌పోర్ట్ ఫీజులు తన వాటా తాను పెట్టుకుని పంచుకోవచ్చు, అంతే. చారిటీ కోసం రైడ్లు ఇచ్చే పద్ధతి ఉంది కానీ దానికి ఎఫ్ఏఏ రూల్స్ పార్ట్ 91 లో 91.146 అనే వేరే రూలే ఉంది: ప్రైవేట్ పైలట్‌కి 500 గంటల అనుభవం, పగటి వీఎఫ్ఆర్ (కళ్ళతో బయటికి చూస్తూ నడపడం) మాత్రమే, 25 మైళ్ళ పరిధి, ఎఫ్ఏఏ లోకల్ ఆఫీసుకి ఏడు రోజుల ముందే కబురు, ఇలా. అదంతా చేసే ఓపిక లేకపోతే ఆ ఆలోచన పక్కన పెట్టండి.

పిల్లలకి విమానం ఎక్కించాలని ఉంటే ఈఏఏ వాళ్ళ యంగ్ ఈగిల్స్ ఉంది, 1992 నుంచి నడుస్తోంది, 8 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి ఉచితం. తల్లిదండ్రుల సంతకం కావాలి, పైలట్లు ఈఏఏ వాళ్ళ ట్రైనింగ్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తి చేసి ఉండాలి. అద్భుతమైన కార్యక్రమం, కానీ మొదటి బ్రేక్‌ఫాస్ట్ రోజే పెట్టుకోవద్దు, దానికి వేరే టీమ్, వేరే ర్యాంప్ ముక్క కావాలి.

వారం ముందు, ముందు రోజు

జనం నడవడానికి ట్యాక్సీవేలో కొంత భాగం మూస్తుంటే దానికి నోటమ్ (పైలట్లకి అధికారిక నోటీసు) వెయ్యాలి, అది ఎయిర్‌పోర్ట్ మేనేజర్ పని, ఆయనకి ఈ వారమే గుర్తుచేయండి. వచ్చే పైలట్లకి ఒక పేజీ కాగితం తయారుచేసి చుట్టుపక్కల చాప్టర్లకి, ఫ్లయింగ్ స్కూళ్ళకి పంపండి: రేడియో ఫ్రీక్వెన్సీ, ప్యాటర్న్ (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తు, ఎడమ ప్యాటర్నా కుడిదా, ఎక్కడ పార్కింగ్, ఫ్యూయల్ ఉందా, శబ్దం వద్దనే ఇళ్ళు ఎటున్నాయి. ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు.

ముందురోజు సాయంత్రం టేబుల్స్, కోన్లు, తాడు అన్నీ పెట్టేయండి. టెంట్ వేస్తే ఒక్కో కాలికి 40 పౌండ్ల బరువు కట్టండి, ట్విన్ ఇంజిన్ విమానం తిరిగేటప్పుడు వెనక వచ్చే గాలి చిన్నది కాదు. నాప్కిన్ల మీద రాళ్ళు, చెత్త డబ్బాలకి మూతలు. ప్లాస్టిక్ కవరో కాగితం ప్లేటో ఎగిరి ర్యాంప్ మీద పడితే అది ఇంజిన్ గాలి లోపలికి తీసుకునే చోట అంటుకోవచ్చు.

వాతావరణం చూడండి. పొద్దున పూట శత్రువు పొగమంచు. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా రెండు మూడు డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయి, గాలి లేకుండా, ఆకాశం తేటగా ఉందంటే తెల్లవారుజామున పొగమంచు దిగే అవకాశం గట్టిగా ఉంది. అలాంటప్పుడు "కార్లలో వచ్చేవాళ్ళకి బ్రేక్‌ఫాస్ట్ ఉంది, విమానాలు మంచు విడిచాకే రండి" అని ముందురోజు రాత్రే మెసేజ్ పెట్టండి. పిండి వేస్ట్ అవుతుందని పైలట్లని "వచ్చేయండి, ఇక్కడ బాగానే ఉంది" అని ఫోన్లో ఊరించడం చెయ్యకండి, దారిలో ఎలా ఉందో మీకు తెలీదు, ఆ మాట విని బయల్దేరేవాళ్ళు ఉంటారు.

ఆ రోజు పొద్దున

ఐదున్నరకి టీమ్ అంతా రావాలి. మొదట ర్యాంప్ ఒక చివర నుంచి ఇంకో చివరకి వరసగా నడిచి బోల్టులు, రాళ్ళు, ప్లాస్టిక్ ముక్కలు ఏరండి. టీఎఫ్ఆర్‌లు (ఎగరడం మీద తాత్కాలిక ఆంక్షలు) ఏమైనా కొత్తగా వచ్చాయా చూడండి, ప్రెసిడెంట్ ఆ ఊరు వస్తున్నాడంటే చుట్టూ 30 నాటికల్ మైళ్ళు ఆంక్షలు పడతాయి, మీ ఎయిర్‌పోర్ట్ అందులో ఉంటే ఆ రోజు ఫ్లై-ఇన్ లేదు.

రేడియో దగ్గర ఎవరినన్నా కూర్చోబెడితే వాళ్ళకి గట్టిగా చెప్పండి: మనం టవర్ కాదు. గాలి ఎటు నుంచి ఎంత, అందరూ ఏ రన్‌వే వాడుతున్నారు, పార్కింగ్ ఎటు, ఇంతవరకే. "దిగొచ్చు", "ఆగు", "నువ్వు రెండోవాడివి" అనే అధికారం యూనికామ్‌లో (టవర్ లేని చోట సమాచారం చెప్పే రేడియోలో) ఎవరికీ లేదు, ఉత్సాహంలో అలా అనేస్తే ఇద్దరు పైలట్లు తమ కళ్ళని నమ్మడం మానేసి ఆ గొంతుని నమ్ముతారు, అక్కడే ప్రమాదం.

మీరే విమానం వేసుకుని వస్తుంటే ఇది చదవండి. పది మైళ్ళ దూరం నుంచే రేడియోలో చెప్పడం మొదలుపెట్టండి, ఊరి పేరు మాట మొదట్లో, చివర్లో రెండుసార్లు, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీ మీద పక్క ఊళ్ళవాళ్ళు కూడా మాట్లాడుతుంటారు, టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లు చాలావరకు 122.7, 122.8, 123.0 లాంటి కొద్ది ఫ్రీక్వెన్సీలే పంచుకుంటాయి. డౌన్‌విండ్‌లోకి (ప్యాటర్న్‌లో రన్‌వే పక్కగా, దిగే దిశకి ఎదురు వెళ్ళే భాగంలోకి) 45 డిగ్రీల కోణంలో, ప్యాటర్న్ ఎత్తులో చేరండి, మామూలుగా అది నేల నుంచి 1,000 అడుగులు. రేడియో లేని విమానాలు కూడా చట్టబద్ధంగా రావొచ్చు కాబట్టి చెవులు ఎంత విన్నా కళ్ళు బయటే ఉండాలి. ముందున్నవాడు రన్‌వే ఖాళీ చెయ్యలేదా, గో-అరౌండ్ చేసెయ్యండి. వందమంది చూస్తున్నారని ఎలాగోలా దించేద్దాం అనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే పవర్ పెట్టి పైకి లేవండి, చూసే పైలట్లందరూ మిమ్మల్ని మెచ్చుకుంటారు.

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే బరువు లెక్క వేసుకోండి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, మనం నలుగురం, సీట్లూ నాలుగున్నాయి కదా అని ఎక్కించేస్తే కుదరదు. సెస్నా 172ఎస్‌లో వాడుకోదగ్గ ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలన్ 6 పౌండ్లు, ట్యాంకులు నిండితేనే 318 పౌండ్లు పోయింది. నలుగురు పెద్దవాళ్ళంటే ఇంధనం తగ్గించుకోవాలి, తగ్గించుకుంటే వెనక్కి రావడానికి రిజర్వ్ మిగులుతుందా చూసుకోవాలి. ప్యాసింజర్లని ఎక్కించాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. స్టూడెంట్ పైలట్ అయితే ప్యాసింజర్లు అసలు కుదరదు, ఇన్‌స్ట్రక్టర్‌తో రండి, మంచి క్రాస్ కంట్రీ ప్రాక్టీస్ అవుతుంది.

పదిన్నరకి అందరూ ఒక్కసారే లేస్తారు. ఈ అరగంటే రోజంతటిలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది, ఎందుకంటే అప్పటికి వాలంటీర్లు అలసిపోయి కోన్లు తీయడం మొదలుపెట్టేస్తారు. చివరి విమానం ఇంజిన్ శబ్దం రన్‌వే దాటేదాకా ఒక్క కోన్ కూడా తీయనివ్వకండి. మార్షలర్లని తొమ్మిదిన్నరకే ఒక్కొక్కరిగా పంపి తిండి పెట్టించండి, ఖాళీ కడుపుతో ఎండలో నిలబడ్డ మనిషి ఈ టైంకి సరిగ్గా చూడలేడు. రనప్ (టేకాఫ్ ముందు ఇంజిన్ వేగం పెంచి చూసే పరీక్ష) చేసేటప్పుడు విమానం వెనక జనం, టేబుల్స్ లేకుండా తిప్పుకోమని చెప్పండి.

ముగిశాక

గ్రిడిల్ వేడిగా ఉండగానే నీళ్ళు చల్లి గీకేయండి, చల్లారితే గంట పని. మిగిలిన కలిపిన పిండి పారబోయండి, పొడి మిక్స్ మూటకట్టి తేదీ రాసి పెట్టండి. ర్యాంప్ మీద పొద్దున నడిచినట్టే మళ్ళీ ఒకసారి వరసగా నడవండి, ఈసారి ఫోర్కులు, నాప్కిన్లు దొరుకుతాయి. ఏదన్నా మూసి ఉంటే నోటమ్ తీసేయమని మేనేజర్‌కి ఫోన్ చేయండి.

ఇంటికెళ్ళే ముందే టీమ్‌తో కూర్చుని ఎన్ని విమానాలు, ఎన్ని ప్లేట్లు, ఎన్ని గ్యాలన్ల పిండి, కాఫీ ఎన్నింటికి అయిపోయింది, క్యూ ఎక్కడిదాకా పెరిగింది, ఎక్కడ ఎవరు తాడు దాటబోయారు, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. ర్యాంప్ బొమ్మ మీదే ఎర్ర పెన్నుతో మార్పులు గీసి మేనేజర్‌కి ఒక కాపీ ఇవ్వండి, వచ్చేసారి పర్మిషన్ అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన ముందు ఆ కాగితమే పరవండి.